పాప ఒక్కతే నడిచి వెళ్లింది

సోమవారం, రాత్రి

ఈరోజు పాప బడికి ఒక్కతే నడిచి వెళ్లింది. ఆరో తరగతి. బడి ముప్పావు కిలోమీటరు కూడా ఉండదు. అయినా పొద్దున్నుంచీ నాకు ఒకటే టెన్షన్. "ఒక్కదాన్నే ఎలా పంపిస్తావమ్మా?" అని అత్తయ్య గుమ్మం దాకా వచ్చి మరీ అడిగారు. ఆ వయసులో ఆవిడ పొలం గట్ల మీద పక్కూరి బడికి నడిచిన మనిషే. కానీ ఆ దారిలో ఎడ్లబండ్లు తప్ప ఏముండేవి?

సెలవుల్లో ఇద్దరం ఈ దారిన చాలాసార్లు నడిచాం. ఎక్కడ దాటాలో, అక్కడే ఎందుకు దాటాలో దాని చేతే చెప్పించేదాన్ని. ఆగి ఉన్న ఆటోకీ కారుకీ మధ్యలోంచి రోడ్డెక్కకూడదని అదే చెప్పింది. అక్కడ నిలబడితే దానికి రోడ్డు కనబడదు, వచ్చే బండివాళ్లకి అది కనబడదు. పెద్ద కారు బానెట్టే దాని భుజాల దాకా వస్తుంది మరి.

మెయిన్ రోడ్డే అసలు భయం. డివైడర్ ఉంది కాబట్టి అక్కడిదాకా కుడివైపు చూసుకుంటే చాలాలి. కానీ యూటర్న్ దాకా వెళ్లే ఓపిక లేక ఎడమ నుంచి రాంగ్ రూట్‌లో బైకులు వస్తూనే ఉంటాయి. అందుకని డివైడర్ చేరేదాకా రెండు వైపులా చూడమన్నాను. తప్పు చేసేది పెద్దవాళ్లు, కాచుకోవాల్సింది పిల్లలు. రాస్తుంటేనే కోపం వస్తోంది.

ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలంటుంది, రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. మా మలుపులో ఆ జాగాలో ట్రాన్స్‌ఫార్మర్, రెండు బైకులు, ఎవరో ఇల్లు కట్టుకోడానికి పోసిన కంకర ఉన్నాయి. పిల్ల రోడ్డు మీదకి దిగక తప్పదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన పాదచారులు 32 వేలకు పైనే. ఆ అంకె చదివాక ఆ కంకర కుప్పని మామూలుగా చూడలేకపోతున్నాను.

బడి గేటు దగ్గర ఇంకో రద్దీ. నాలాగే భయపడి పిల్లల్ని బండి మీద దింపేవాళ్లే అక్కడ అడ్డదిడ్డంగా తిప్పుతుంటారు. నాలుగేళ్లు దాటిన పిల్లలకీ హెల్మెట్ తప్పనిసరి, వెనక కూర్చున్న ఏ ఒక్కరికీ ఉండదు. ఇంకొంతమంది పిల్లల్ని నడిచి పంపిస్తే గేటు ముందు ఆ బండ్లన్నా తగ్గుతాయి.

నాలుగున్నరకి ఇంటికొచ్చింది. "అమ్మా, వాటర్ ట్యాంకర్ వెనక్కొస్తుంటే ఆగిపోయా. డ్రైవర్ అంకుల్ నన్ను చూసి చెయ్యి ఊపాకే దాటా" అంది. అది నేను చెప్పిన సంగతి కాదు. రేపట్నుంచి మూడో ఫ్లోర్ పిల్లలిద్దరూ దీంతో నడుస్తారట, వాళ్లమ్మ ఫోన్ చేసింది. తనూ నేనూ కలిసి ఈ వారమే వార్డు ఆఫీసుకి వెళ్లి కంకర తీయించమని, చెరిగిపోయిన జీబ్రా గీతలు మళ్లీ వేయమని రాసివ్వాలనుకున్నాం.