స్టోమాతో కొండబాటల్లో సైకిలు: నా అనుభవం

స్టోమా అంటే ఆపరేషన్ చేసి పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టిన నోరు, మలం అందులోంచి సంచిలోకి వస్తుంది. దానికి నొప్పి తెలియదు. కోతను, రాపిడిని పసిగట్టే నరాలు పేగు లోపలి పొరలో లేవు. పొట్ట చర్మం మీద చీమ పాకినా తెలుస్తుంది గానీ, అంగుళం పక్కన బయటికి ఉన్న పేగును ప్లేటు (సంచిని పట్టి ఉంచడానికి చర్మానికి అంటించేది) అంచు కోస్తున్నా తెలియదు. సైకిలు మళ్లీ ఎక్కాలనుకున్నప్పుడు నేను ముందు బుర్రకెక్కించుకోవాల్సి వచ్చిన సంగతి ఇదే. ఒళ్లు చెప్పని దాన్ని కంటితో చూసి పట్టుకోవాలి, లేదా ముందే అడ్డం పెట్టుకోవాలి. స్టోమా మీద కట్టుకునే గట్టి గార్డు అయినా, తాగే ఉప్పునీళ్లయినా అందుకే.

నాది ఇలియాస్టమీ. పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీద కుడివైపు కిందికి తెచ్చి కుట్టారు. అడ్డం 28 మిల్లీమీటర్లు, బయటికి 22 మిల్లీమీటర్లు. కొలొస్టమీ, అంటే పెద్దపేగును బయటికి తెచ్చిన వాళ్లకు మామూలుగా ఎడమవైపు ఉంటుంది, అంతగా పొడుచుకు రాదు, వచ్చేది కూడా గట్టిగా ఉంటుంది. వాళ్లకు నీళ్ల ఇబ్బంది తక్కువ, గార్డు లోతు కూడా తక్కువ సరిపోతుంది. మిగతాదంతా ఇద్దరికీ ఒకటే.

ఎప్పుడు మొదలుపెట్టొచ్చనేది ఆపరేషన్ చేసిన సర్జన్ చెప్పాలి. నా విషయంలో ఎనిమిది వారాల దాకా నడక మాత్రమే, నాలుగు కిలోలకు మించి బరువు ఎత్తకూడదన్నారు. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో కదలని సైకిలు, మూడు నెలలు నిండాక చదును రోడ్డు, ఆరు నెలల తర్వాతే రాళ్ల బాట. ప్రతి మెట్టు దగ్గరా డాక్టరు గారు నిలబెట్టి గట్టిగా దగ్గమనేవారు. దగ్గినప్పుడు స్టోమా పక్కన పొట్ట ఉబ్బితే హెర్నియా, అంటే బలహీనపడిన పొట్ట గోడలోంచి పేగు తోసుకురావడం మొదలైందని అర్థం. మలద్వారం కూడా తీసేసి కుట్టిన వాళ్లు ఇంకా ఆగాలి. ఆ గాయం పొట్ట గాయం కన్నా చాలా నెమ్మదిగా మానుతుంది, సీటు సరిగ్గా దాని మీదే ఒత్తుతుంది.

మొదటి రెండు నెలల్లో స్టోమా వాపు తగ్గి చిన్నదవుతుంది. అందుకని ఆసుపత్రిలో కొలిచిన కొలతతోనే ప్లేటు కత్తిరిస్తూ పోకూడదు. వారానికోసారి కొలిచి, స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా రంధ్రం కోయాలి. ఎక్కువ వదిలితే ఆ సందులోని చర్మాన్ని పేగు రసాలు తినేస్తాయి. మరీ బిగుతుగా కోస్తే గతుకుల్లో అంచు స్టోమాను రుద్దుతుంది. నొప్పి ఉండదు కాబట్టి సంచిలో ఎరుపు కనపడేదాకా తెలియదు. కోసిన అంచును వేలితో ఒకసారి తిప్పి చూసి, గరుకుంటే నునుపు చేస్తాను.

రైడు పొద్దున అయితే ప్లేటు ముందురోజు సాయంత్రమే మారుస్తాను. అతుక్కునే పదార్థం చర్మం వేడికి కరిగి పూర్తిగా పట్టడానికి గంటలు పడుతుంది. బయల్దేరే ముందు అంటించి చెమట పట్టిస్తే ఊడి వస్తుంది. వట్టి నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఆరనిచ్చి, అంటించాక అరచేయి రెండు నిమిషాలు దాని మీద ఉంచాలి. చర్మం ఎర్రబడిందని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ కొబ్బరినూనె రాయమంటారు, పసుపు పెట్టమంటారు. నూనె తగిలిన చోట ఏ ప్లేటూ పట్టదు. ఎర్రబడిన చోట స్టోమా పౌడరు పలుచగా చల్లి, ఎక్కువైంది దులిపేస్తే చాలు. ప్లేటు చుట్టూ సాగే టేపు ముక్కలు, అర్ధచంద్రాకారంలో దొరికేవి, మూడు వేస్తాను. బెజవాడ ఉక్కకు అవి లేకుండా గంట నిలవదు.

గార్డు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, తప్పులు జరిగేది ఎక్కువ ఇక్కడే. విదేశాల్లో తయారైన స్టోమా గార్డులు దొరుకుతాయి, ధర ఎక్కువ. నేను క్రికెటర్లు తొడల మధ్య కట్టుకునే గార్డుతో మొదలుపెట్టాను. గట్టి ప్లాస్టిక్, అంచు చుట్టూ మెత్త, గాలి రంధ్రాలు, అన్నీ అందులోనే ఉన్నాయి. వెడల్పు వైపు కిందికి వచ్చేలా తిప్పి పెట్టాలి. సబ్బుపెట్టె లాంటి పెళుసు ప్లాస్టిక్ వద్దు, పగిలితే ముక్కలు పేగులోకే దిగుతాయి. ఏది కొన్నా ముందు నేల మీద బోర్లించి, మడమతో ఒంటి బరువంతా వేసి నిలబడి చూడాలి. చిట్లిందా, అవతల పారేయాలి.

గార్డు బరువు మోయాల్సింది చుట్టూ ఉన్న చర్మం మీద. స్టోమా మీద ఏమీ ఆనకూడదు. లోతు ఎంత కావాలంటే, పేగు బయటికి ఉన్న 22, వచ్చింది కిందికి జారడానికి చోటు ఒక 20, సంచి మందంతో కలిపి 45 మిల్లీమీటర్లు. పరీక్షకు గార్డు లోపలి వైపు తడి కుంకుమ పూసి, ఖాళీ సంచి మీద కట్టుకుని, సైకిలెక్కి హ్యాండిల్ మీదికి పూర్తిగా వంగాలి. విప్పి చూస్తే, స్టోమా ఉన్న చోట సంచి మీద ఎర్ర మరక పడిందంటే లోతు చాలలేదు. నాకు పడింది. అంచు కింద 12 మిల్లీమీటర్ల ఫోమ్ ఇంకో వరస వేయించాక పోయింది.

మొదట్లో నేను చేసిన పెద్ద పొరపాటు, కింద దారి వదలకపోవడం. అన్నివైపులా మూసిన గార్డు కట్టుకుంటే సంచి నోరు నొక్కుకుపోతుంది. పేగు నుంచి వచ్చింది కిందికి పోలేక, గార్డు లోపలే పేరుకుని, ప్లేటు అడుగున దారి వెతుక్కుంటుంది. నలభై నిమిషాల్లో లీకు. తర్వాత కింది అంచున హ్యాక్సా బ్లేడుతో ఏడు సెంటీమీటర్ల వెడల్పున కోసి, గరుకు కాగితంతో నునుపు చేసి, సంచి అందులోంచి బయటికి వచ్చేలా పెట్టుకున్నాను. ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే దుకాణంలో కోసిన అంచుకు రెక్సిన్ పైపింగు వేయించి, మూడు అంగుళాల ఎలాస్టిక్ పట్టీ, వెల్‌క్రో కుట్టించాను. కుట్టేముందు ఆయన, ‘‘అన్నా, కుట్టు ముడి లోపలికా బయటికా?’’ అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ముడి బయటికే ఉండాలి. లోపలికి ఉంటే రెండు గంటల్లో చర్మం మీద గింజంత పుండు పడుతుంది.

గార్డు అంచు ప్లేటు అంచు మీదే పడినా తొక్కిన ప్రతిసారీ దాన్ని కొద్దికొద్దిగా లేపుతుంది. ఒక వేలు లోపలికో బయటికో ఉండేలా చూసుకోవాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. విప్పాక చర్మం మీద ఎర్రగీత అరగంటలో పోకపోతే బిగుతు ఎక్కువైనట్టే. కట్టుకున్న గార్డును సర్జన్‌కు చూపించాకే బాట ఎక్కాను. ఇది చిన్న తగుళ్లను ఆపుతుంది. వేగంగా వచ్చి బండ మీద పడితే ఏ గార్డూ కాపాడలేదు కాబట్టి, పెద్ద గెంతులు మానేశాను.

ఇక సైకిలు. పొట్టకు నిజంగా ప్రమాదం చేసేది హ్యాండిల్ చివర. పడేటప్పుడు హ్యాండిల్ తిరిగి, గొట్టం కొస పొట్టలోకి గుచ్చుకుంటుంది. గ్రిప్పు చిరిగి గొట్టం బయటపడితే చాకుతో సమానం. రెండు కొసలకూ బిరడాలు ఉన్నాయో లేదో రైడుకు ముందు బొటనవేలితో నొక్కి చూస్తాను. హ్యాండిల్‌ను స్పేసర్లతో (కింద వేసే రింగులు) రెండు సెంటీమీటర్లు పైకి లేపించాను. మరీ వంగితే పొట్ట చర్మం మడత పడి, ఆ మడత దగ్గర ప్లేటు లేచిపోతుంది. ఏటవాలు దిగేటప్పుడు ఒంటిని సీటు వెనక్కి జరుపుతాం కదా, అప్పుడు పొట్ట సరిగ్గా సీటు మీదికి వస్తుంది. గతుకు తగిలితే సీటే స్టోమాను కొడుతుంది. మీట నొక్కితే దిగే సీటు గొట్టం ఉంటే మంచిది, లేకపోతే దిగుడు ముందు ఆగి సీటును చేత్తో దించాలి. నా 70 కిలోల బరువుకు, 2.25 అంగుళాల ట్యూబు టైర్లలో ముందు 28, వెనక 30 పీఎస్‌ఐ గాలి పెడతాను. రోడ్డు మీది గాలితోనే రాళ్లలోకి వెళితే ప్రతి అదురూ పొట్టకే వస్తుంది.

సంచిని నిలువుగా వేలాడదీస్తే కుడి తొడ ఎత్తినప్పుడల్లా తన్నుతుంది. 45 డిగ్రీలు లోపలివైపుకు వాలేలా అంటించి, సంచి కింది తోకను ఒక మడత పైకి మడుస్తాను. నడుము పట్టీ ఉన్న నిక్కర్లు సరిగ్గా స్టోమా మీద కోస్తాయి, భుజాల పట్టీలతో ఉండే సైక్లింగ్ నిక్కరే మేలు. వీపు సంచికి నడుము బెల్టు ఉంటే తీసేయండి. ఎక్కుడులో బరువు గేరు వేసి, ఊపిరి బిగబట్టి తొక్కితే పొట్టలో ఒత్తిడంతా స్టోమా పక్కన బలహీనంగా ఉన్న గోడ మీదే పడుతుంది. చిన్న గేరు వేసి, తొక్కేటప్పుడు ఊపిరి వదలాలి. సైకిలును ఎత్తి కారు మీద పెట్టడం, బండ దాటించడం ఇంకొకరికి అప్పగించాలి. పద్నాలుగు కిలోల సైకిలును మెలి తిరిగి ఎత్తడం, రోజంతా తొక్కడం కన్నా హెర్నియాకు దగ్గర దారి.

పెద్దపేగు లేని వాళ్లకు నీళ్ల లెక్క వేరు. చిన్నపేగు పీల్చుకోగా మిగిలిన ఉప్పును, నీటిని వెనక్కి పీల్చుకునే పని దానిదే. వట్టి నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే పేగు నుంచి ఉప్పు లాక్కుని సంచిలోకే వచ్చేస్తాయి. దాహం తీరదు, తిమ్మిర్లు పడతాయి. నేను గంటకు 600 మిల్లీలీటర్ల దాకా ఓఆర్‌ఎస్ గుక్కలు గుక్కలుగా తాగుతాను. 20.5 గ్రాముల ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్లకు. చిక్కగా కలిపినా పలుచన చేసినా పని చేయదు. పేరులో ఓఆర్‌ఎస్ అని ఉన్న తియ్యటి డబ్బా పానీయాలు నమ్మొద్దు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని గారు ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఉత్తర్వులిచ్చింది. తీపి ఎక్కువైతే పేగులోకి నీరు లాగుతుంది, చెరకురసం కూడా అంతే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, వాటితోనే సరిపెట్టుకోకూడదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాలా మంచిది.

ముందురోజు రాత్రి ఏడున్నరకల్లా పెరుగన్నం. పొద్దున నాలుగున్నరకు ఒక అరటిపండు, కాసిని సగ్గుబియ్యం జావ. ఇవి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి. పచ్చి కొబ్బరి, మొక్కజొన్న, ములక్కాడ పీచు ముందురోజు నుంచే బంద్. నమలకుండా మింగితే స్టోమా దగ్గర అడ్డుపడతాయి. సంచి ఖాళీ చేసి ఐదుంబావుకు బయల్దేరతాను. మూడో వంతు నిండగానే మళ్లీ ఖాళీ చేయాలి, బరువుకు ప్లేటు లాగేస్తుంది.

బాటల వరస కూడా చెబుతాను. మొదట ఉండవల్లి వైపు కృష్ణ కరకట్ట, చదునుగా, ఇంటికి దగ్గరగా. తర్వాత కొండవీడు ఘాట్ రోడ్డు. తారు రోడ్డే అయినా దిగుడులో ఒళ్లు ఎలా కదులుతుందో అక్కడ తెలిసింది. చివరికి మూలపాడు వైపు అడవి బాటలు. కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టు, అటవీశాఖ వాళ్లను అడిగి, తోడుతోనే వెళ్లాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే మంచి కాలం. ఎండలు ముదిరాక ఏ టేపూ నిలవదు.

అరగంటకోసారి ఆగి, గార్డు పక్కకు తీసి చూస్తాను. ప్లేటు అంచు చెమటకు నాని, తడిసిన అప్పడంలా తెల్లగా ఉబ్బి ఉంటుంది. ఆ తెలుపు అంచు నుంచి స్టోమా దాకా ఏదో ఒక వైపు దారి చేసిందంటే, లీకు ఇంకో పది నిమిషాల్లో ఉందని లెక్క. అక్కడికక్కడే మార్చేయాలి. అందుకని ముందే కోసిపెట్టుకున్న ప్లేటు, సంచి రెండేసి, అరలీటరు నీళ్లు, గాజుగుడ్డ, పౌడరు, చిన్న అద్దం, చెత్తకు జిప్ కవరు సైకిలు ఫ్రేము సంచిలో ఉంటాయి. ఈ సామాను ఎండలో బండి డిక్కీలో వదలకండి. అంటుకునే పొర కరిగి కాగితానికే పట్టేస్తుంది.

స్టోమా బుగ్గ లోపలి రంగులో, తడిగా మెరుస్తూ ఉండాలి. తుడిస్తే కొద్దిగా నెత్తురు అంటితే భయం లేదు. తడి గాజుగుడ్డతో పది నిమిషాలు మెల్లగా అదిమినా ఆగకపోతే, లోపల్నుంచి వస్తుంటే, రంగు ఊదాగా నల్లగా మారితే, మామూలు కన్నా పొడుగ్గా బయటికొస్తే, నేరుగా ఆసుపత్రికే. కడుపు మెలిపెడుతూ నాలుగైదు గంటలు సంచిలోకి ఏమీ రాకపోయినా అంతే. కిందపడ్డాక ఏమీ నొప్పి లేదని లేచి తొక్కేయకండి, ముందు అద్దం తీయండి. ఇంటికెళ్లాక రెండు గంటలకోసారి, రాత్రి పడుకునే ముందు మరోసారి చూసుకోవాలి.

గార్డును సబ్బునీళ్లతో కడిగి నీడలో బోర్లిస్తాను. ఫోమ్ తడి పూర్తిగా ఆరకుండా మళ్లీ కడితే చర్మానికి బూజు దురద పడుతుంది. ఎలాస్టిక్ సాగిపోతే ఆరు నెలలకోసారి పట్టీ మార్పిస్తాను.