వెనిస్‌లో ఆఖరి పూట

ఒకటో నంబరు పడవ, అంటే ఇక్కడి నీళ్ళ మీది సిటీ బస్సు, రియాల్టో వంతెన దగ్గర ఆగుతోంది. పడవ మనిషి లావుపాటి తాడును రేవు గుంజకి రెండు చుట్లు వేసి బిగించాడు. ఇంజను వెనక్కి లాగింది, తాడు కిర్రుమంది, పడవ రేవుకి అతుక్కుపోయింది. ఇనుప గేటు జరిపాడు, జనం దిగారు, తాడు విప్పేశాడు. అర నిమిషం పని. ఎంత చూసినా తనివి తీరదు.

సాయంత్రం రైలుంటే సామాను పొద్దున్నే సాంతా లూచియా స్టేషన్లో పెట్టేయండి. ఇక్కడ వంతెనలన్నిటికీ దాదాపు మెట్లే, చక్రాల పెట్టె ప్రతి చోటా మోయాల్సిందే.

స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా రేవు. ఒకటో నంబరు ఊరి పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్‌లో దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతుంది. ఊళ్ళోని పెద్ద చౌకు శాన్ మార్కోకి ముప్పావు గంట పడుతుంది, కానీ ఆఖరి రోజు చూడాల్సింది ఆ నిదానమే. టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు. ఎక్కేముందు రేవులోని మిషన్‌కి తాకించడం మరవొద్దు, డబ్బు కట్టినా తాకించకపోతే జరిమానా.

రియాల్టో చేపల మార్కెట్ పొద్దున పూటే. ఆది, సోమవారాలు ఉండదు. అవతలి గట్టున సాంతా సోఫియా నుంచి త్రగెత్తో అనే పెద్ద గొండోలా కాలువ దాటిస్తుంది. ఇద్దరు తెడ్లు వేస్తారు, మనిషికి రెండు యూరోలు. మామూలు గొండోలాకి 90 యూరోలు పెట్టలేనివాళ్ళకి ఇదే హాయి.

నీళ్ళలోకి దిగే మెట్ల మీద మాత్రం కాలు పెట్టకండి. ఆ పచ్చదనం నాచు, సర్రున జారుతుంది.