లూవెన్‌లో మూడేళ్ల ఒప్పందం

బెల్జియంలోని లూవెన్‌కు నేను వచ్చింది మూడేళ్ల పోస్ట్‌డాక్టరల్ ఒప్పందం మీద. ఒక బొమ్మ మన అనుభవంలోకి ఎలా వస్తుందన్న ప్రశ్నను తత్త్వవేత్త ఎడ్మండ్ హుస్సెర్ల్ ఫినామినాలజీ, అంటే విషయాలు మన అనుభవంలో ఎలా కనబడతాయో పరిశీలించే తత్త్వశాస్త్ర పద్ధతి వెలుగులో పరిశీలించడం నా పని. నివాసానుమతి ఈ ఉద్యోగానికే ముడిపడి ఉంది కనుక, మూడో ఏడాదిలో సగం తర్వాతి ఉద్యోగానికి దరఖాస్తులు రాయడంలోనే గడిచిపోతోంది.

హుస్సెర్ల్ 1938లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో కన్నుమూశారు. ఆయన యూదు కుటుంబంలో పుట్టినవారు కావడంతో నాజీల పాలనలో ఆయన రాతప్రతులకు రక్షణ లేకపోయింది. హెర్మన్ వాన్ బ్రెడా అనే యువ ఫ్రాన్సిస్కన్ సన్యాసి, సంక్షిప్త లిపిలో ఉన్న దాదాపు 40,000 పుటలను బెల్జియం దౌత్యకార్యాలయం సాయంతో ఇక్కడికి చేర్చారు. పరాయి దేశంలో తలదాచుకున్న ఆ కాగితాలకు దగ్గరలో పనిచేస్తున్నానన్న స్పృహ, డచ్ తరగతికి పరుగెత్తే సాయంత్రాల్లోనూ నన్ను విడిచిపోదు.

విద్యార్థులను నేను సెయింట్ పీటర్ చర్చికి తీసుకువెళ్తాను. చిత్రకారుడు డిర్క్ బౌట్స్ 1464-1468 మధ్య ఓక్ పలక మీద చిత్రించిన ‘చివరి విందు’, యేసు శిష్యులతో చేసిన ఆఖరి భోజనం బొమ్మ, అక్కడే ఉంది. బొమ్మను చూడటంలో హుస్సెర్ల్ మూడింటిని వేరుచేశారు: రంగు పూసిన ఓక్ పలక, ఆ పలకలో మనకు కనబడే ఆకారం, ఆ ఆకారం ద్వారా మనం తలచుకునే విషయం. వినడానికి ఇది పొడిగానే ఉంటుంది. కాని బయట మబ్బు పట్టి చర్చిలో వెలుతురు తగ్గినప్పుడు పలక మసకబారుతుందే తప్ప, బొమ్మలోని గదిలో పొద్దు వాలదు. ఆ తేడాను కళ్లతో పట్టుకున్న విద్యార్థి ముఖం చూడటం ఈ ఉద్యోగంలో నాకు దక్కిన గొప్ప సంతోషం. అయితే మొదటి పది నిమిషాల్లో ఆ తేడా ఎవరికీ కనబడదు.

నిరుడు ఒక విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూలో, ఈ చూపు గురించి కాక, ఏడాదికి ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయన్న దాని గురించే ఎక్కువ సేపు అడిగారు. ఉద్యోగం రాలేదు. ఆ కొలత తప్పని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ఊహ, చిత్రం, జ్ఞాపకాల గురించి 1898 నుంచి 1925 దాకా హుస్సెర్ల్ రాసుకున్న పుటలు, ఆయన పోయిన 42 ఏళ్లకు, 1980లో గాని సంపుటంగా వెలువడలేదు. నా పరిశోధన అంతా ఆ సంపుటం మీదే నిలిచి ఉంది.

ఒప్పందం సెప్టెంబరులో ముగుస్తుంది. ఈ గురువారం విద్యార్థులతో మళ్లీ బౌట్స్ చిత్రం ముందు నిలబడాలి. ఈసారి ముప్పావు గంట దాకా ఎవరూ ఏమీ మాట్లాడవద్దని ముందే చెప్పి ఉంచాను.