గూళ్ళ అలమారా, అత్తయ్య పట్టుచీరలు

బరంపురం, బాహుడా (జగన్నాథుడి తిరుగు రథయాత్ర) వెళ్ళిన ఆదివారం

పొద్దుట్నుంచీ ముసురు. మిస్త్రీ రాడేమో అనుకున్నాను గానీ, తొమ్మిదయ్యేసరికి డ్రిల్లింగ్ మిషన్‌ని గోనెసంచిలో చుట్టుకుని వచ్చేశాడు.

మా మరిది హైదరాబాద్‌లో మకాం ఎత్తేసినప్పుడు ఇచ్చిన ఐకియా కల్లాక్స్ అలమారాలు రెండున్నాయి. ఒక్కోదానికి ఎనిమిదేసి గూళ్ళు, 77 సెంటీమీటర్ల వెడల్పు, 147 ఎత్తు. ఇన్నాళ్ళూ హాల్లో పుస్తకాలతో, పిల్లల బొమ్మలతో నిండి ఉండేవి. వాటినే పడకగదిలో బట్టల బీరువా చేయాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. అద్దె ఇల్లు, ఆ గదిలో గోడ అలమారా లేదు. ఉన్న ఒక్క ఇనుప బీరువా నగలకీ కాగితాలకీ సరి.

చిక్కంతా లోతుతోనే. బీరువా అంటే రెండడుగుల లోతుండాలి, హ్యాంగర్ అడ్డంగా పట్టాలి కదా. కల్లాక్స్ లోతు 39 సెంటీమీటర్లే, హ్యాంగరేమో 43 దాకా ఉంటుంది. పోనీ మధ్య పలకలు తీసేద్దామంటే దాని బలమంతా వాటిలోనే ఉంది. అందుకని గూళ్ళ జోలికి పోకుండా, రెండు అలమారాల మధ్య 75 సెంటీమీటర్లు వదిలి రాడ్డు అక్కడ వేయించాను. ఏడున్నర అడుగుల గోడ నిండింది.

రాడ్డుని పక్క పలకలకే బిగించేస్తానన్నాడు మిస్త్రీ.

"వద్దు భాయినా, లోపల బోలు."

వేలితో తట్టి చూసి తలూపాడు. బయటి చట్రం లోపల ఉన్నది తేనెపట్టులా అల్లిన అట్ట, స్క్రూ పట్టుకోదు. ఎనిమిది అడుగుల షీటులోంచి 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒకే ముక్కగా కోయించి, రెండింటి నెత్తి మీదా పరిచి, దాని అడుగు నుంచి రాడ్డు వేలాడదీశాం. రసమట్టం పెట్టి చూసి, ప్లైవుడ్‌ని ఎల్ క్లాంపులతో గోడకి కట్టించాను. ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా విననని ముందే అనుకున్నాను. మా చిన్నది గూట్లో కాలేసి పైకెక్కే వయసులో ఉంది.

"గోడకి మరీ ఆనించకమ్మా, వానల్లో చెమ్మ లాగేస్తుంది," అన్నారు అత్తయ్య. నిజమే, గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి పదిహేను, పదహారు కిలోమీటర్లే. వెనక రెండు వేళ్ళు దూరేంత సందు ఉంచి, కింద గ్రానైట్ ముక్కలు పెట్టించాను. ఇల్లు తుడిచిన నీళ్ళు అంచుకి తగిలితే పార్టికల్ బోర్డు ఉబ్బిపోతుంది, ఉబ్బాక ఇక మామూలుకి రాదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తయ్య ట్రంకుపెట్టె తెరిచారు. అన్నీ బరంపురం పట్టులే, అంచు పొడుగునా కోటకొమ్మల్లా కుంభాల నేత. చీర పన్నా 47, 48 అంగుళాలుంటుంది. నాలుగు మడతలేస్తే పన్నెండు. గూడు వెడల్పు పదమూడు! కొలిచి చేయించినట్టు కూర్చుంది. హ్యాంగర్‌కి వేలాడే పట్టుచీర జరీ బరువుకి సాగిపోతుంది, ఇనుప బీరువాలో ఒకదాని మీదొకటి పేరిస్తే అడుగు చీర తీయడానికి అన్నీ కూలాలి. చీరలు కట్టే ఇంటికి ఈ గూళ్ళే మేలని నా గట్టి నమ్మకం.

పాత మల్లు పంచెలు చింపి ఒక్కో చీరనీ చుట్టాం. పాత మడత మీదే మళ్ళీ వేయనివ్వలేదు అత్తయ్య, జరీ అక్కడే విరుగుతుందట. నాఫ్తలీన్ ఉండలు కూడా వద్దన్నారు, ఎండు వేపాకు పొట్లాలు చాలన్నారు. పలక 13 కిలోలే మోస్తుంది కాబట్టి గూటికి పది చీరలకి మించి పెట్టలేదు. మావయ్యగారి పెళ్ళినాటి పట్టు జోడుకి పై వరసలో ఒక గూడు వదిలేశాం. అందులో ఇంకేమీ పెట్టొద్దని ఆవిడ చెప్పలేదు, నాకే పెట్టబుద్ధి కాలేదు.

కింది వరస పిల్లలది, వాళ్ళ చేతికి అందేలా. మధ్య రాడ్డుకి ఈయన చొక్కాలు, నా కుర్తీలు. చొక్కాల చేతులు కాస్త ముందుకి వస్తున్నాయి, అక్కడికి తెర కావాలి. బడాబజార్లో సంబల్‌పురి నూలుగుడ్డ చూస్తాను. కొత్త గుడ్డ ముడుచుకుపోతుంది గనక ముందు తడిపి ఆరేసి, ఆ తర్వాతే కొలత తీసి కుట్టిస్తాను.