రాత్రంతా ముక్కు దిబ్బడ, పగలంతా నీరసం

మన ఇళ్ళల్లో ఎవరైనా నీరసంగా ఉంది అంటే ముందు రక్తం తక్కువేమో అంటారు, తర్వాత థైరాయిడ్ అంటారు, ఆ రెండూ నార్మల్ వస్తే ఇక ఫోన్ మీద పడతారు. ముక్కు ఎలా ఉంది అని మాత్రం ఒక్కరూ అడగరు. పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు, కళ్ళ దురద, ఇవన్నీ "దానికి చిన్నప్పట్నుంచీ ఉన్న రొంపే కదా" ఖాతాలోకి వెళ్ళిపోతాయి. మా అత్తయ్యగారైతే "ఏటమ్మా, అంతసేపు పడుకున్నావు కదా, ఇంకా ఆ మొహం ఏటి" అంటారు. పడుకున్న మాట నిజమే, నిద్ర సంగతే వేరు.

నాకు డస్ట్ అలర్జీ. వైజాగ్‌లో ఆ మాట అంటే అందరూ పోర్టు వైపు చెయ్యి చూపిస్తారు, వన్ టౌన్‌లో డాబా మీద చెయ్యి పెడితే నల్లగా అంటుకునే ఆ పోర్టు బొగ్గు పొడి గురించి ఎవరికి తెలీదు. కానీ స్కిన్ టెస్ట్‌లో, అంటే దేనికి అలర్జీయో తెలియడానికి చేతి మీద చుక్కలు వేసి గుచ్చి చూసే పరీక్షలో, నా చెయ్యి ఉబ్బింది దానికి కాదు, డస్ట్ మైట్‌కి. మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండని పురుగు, మన ఒంటి మీంచి రాలే చర్మం పొట్టు తిని, గాల్లో తేమ పీల్చుకుని బతికేస్తుంది. తేమ 70, 80 శాతం ఉంటే దానికి పండగ, మన సముద్రం ఒడ్డున అలాంటి రోజులకి లోటేముంది చెప్పండి. అది కాపురం ఉండేది పరుపులో, దిండులో. అంటే నేను రోజూ రాత్రి దాని ఇంట్లోనే ముక్కు పెట్టుకుని పడుకుంటున్నానన్నమాట!

రాత్రే ఎందుకు ఎక్కువ అంటే, పడుకోగానే ముక్కు లోపలి రక్తనాళాల్లోకి రక్తం ఎక్కువ చేరి అవి ఉబ్బుతాయి, పైగా వాపుని అణిచే కార్టిసాల్ అనే హార్మోను రాత్రిపూట తక్కువుంటుంది, దానికితోడు దిండులో ఈ మైట్లు. ముక్కు మూసుకుపోతే నోటితో పీలుస్తాం, గురక వస్తుంది, మెదడు మాటిమాటికీ కొన్ని క్షణాలు మేలుకుంటుంది, పొద్దున్న మనకి అదేదీ గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నాం అనుకుంటాం, నిద్ర మాత్రం ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది.

ఇంకోటి కూడా ఉంది. అలర్జీ అంటే ముక్కులో మాత్రమే జరిగే గొడవ కాదు. అప్పుడు ఒంట్లో సైటోకైన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి, జ్వరం వచ్చినప్పుడు ఒళ్ళు బరువుగా, ఏ పనీ చెయ్యబుద్ధి కాకుండా ఉంటుందే, దాని వెనకాల ఉండేవి కూడా ఇలాంటివే. అందుకే జ్వరం లేకపోయినా జ్వరపడి లేచినట్టు ఉంటుంది.

ముక్కు అలర్జీకి డాక్టర్లు వాడే ఏరియా (ARIA) అనే గైడ్‌లైన్ ఒకటుంది, 2001లో వచ్చింది. అందులో ముక్కు అలర్జీ తేలికా కాదా అని చూసేటప్పుడు నిద్ర చెడుతోందా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. నిద్ర చెడితే అది తేలిక రకం కాదు. తుమ్ములు ఎన్ని వచ్చాయి అనేకన్నా ఇది అడగడమే నాకు సబబుగా అనిపిస్తుంది, డాక్టర్ అడక్కపోయినా మనమే చెప్పాలి.

మాత్రల సంగతి. రొంపకి వేసుకునే పాత రకం మాత్రలు, అవిల్ లాంటివి, వేసుకుంటే మత్తుగా పడుకుంటాం కదా. అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనం ముక్కులో దురద పెడుతుంది గానీ మెదడులో మనల్ని మెలకువగా ఉంచేది కూడా అదే, ఈ మాత్ర మెదడులోకి వెళ్ళి దాన్ని అడ్డుకుంటుంది, అందుకే ఆ మత్తు. కానీ దాంతో కలలొచ్చే నిద్ర తగ్గుతుంది, మత్తు పొద్దున్నదాకా సాగుతుంది, ఆ మత్తులో ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో స్కూటీ నడపడం నాకైతే భయం. సెట్రిజిన్‌తో మత్తు తక్కువే, అయినా కొందరికి వస్తుంది, ఫెక్సోఫెనడిన్‌తో దాదాపు రాదు. వీటిలో ఏ మాత్రైనా తుమ్ముల్ని ఆపినంత బాగా దిబ్బడని తియ్యలేదు. దానికి స్టిరాయిడ్ స్ప్రే నయం, ఆ పేరు వినగానే మా అమ్మ గుండె పట్టుకుంది గానీ అది చాలా మటుకు ముక్కులోనే పనిచేస్తుంది. ఒక్క రోజులో పెద్ద తేడా తెలియకపోవచ్చు, పూర్తిగా పనిచెయ్యడానికి రెండు వారాలు కూడా పట్టొచ్చు. కొట్టేటప్పుడు మధ్యగోడ వైపు కాకుండా చెవి వైపుకి కొట్టాలి, లేకపోతే రక్తం రావచ్చు. వెంటనే తెరుచుకునే డ్రాప్స్ ఉంటాయే, ఆక్సీమెటజోలిన్ లాంటివి, అవి ఐదు రోజులు దాటి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది, మెడికల్ షాపులో ఇది చెప్పరు. ఇక మా అమ్మ బామ్, దాని చల్లదనానికి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది అంతే, లోపలి వాపు ఎక్కడికీ పోదు. అయినా రాస్తుంది, నేనూ రాయించుకుంటాను.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికితే మైట్లు చస్తాయి, చన్నీళ్ళకి అవి చావవు. పరుపుని గదిలో దులపొద్దు, అలర్జీ ఉన్నవాళ్ళ చేత అసలే దులిపించొద్దు. ఏసీ తేమ తగ్గిస్తుంది కాబట్టి కొంత నయం, ఆ బిల్లు గురించి మా ఇంట్లో ఇంకా పంచాయితీ నడుస్తోంది.

ఇదంతా చదివి నీరసం అంటే అలర్జీయే అనుకునేరు. రక్తం, థైరాయిడ్, బీ12 టెస్టులు చేయించుకోవాల్సిందే, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, డాక్టర్‌కి చెప్పాలి. స్కిన్ టెస్ట్‌కి వెళ్తే మాత్రం అలర్జీ మాత్రలు కొన్ని రోజుల ముందు ఆపాలి, ఎన్ని రోజులు అనేది అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగేయండి, లేకపోతే చెయ్యి ఉబ్బదు, మళ్ళీ రమ్మంటారు.