పనిరోజు కట్టు

ఇంగ్లండులోని యార్క్‌లో నేను పనిచేసేది బట్టలు ఆల్టర్ చేసే షాపులో. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, పెళ్ళి గౌన్లు నడుము దగ్గర పట్టించడం, కోట్లకు లైనింగు వెయ్యడం, ఇదీ పని. గుంటూరు లాలాపేటలో టైలరింగు నేర్చుకుని, కొరిటెపాడులో ఇంటి వరండాలో మిషను వేసుకుని ఏళ్ళ తరబడి రవికలు కుట్టాను. ఆ చేతిపని చూసే, మావారి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక నాకు ఈ షాపులో చోటిచ్చారు.

ఈ ఊళ్ళో పాతకాలపు బట్టలు రోజూ వేసుకునేవాళ్ళు కొందరున్నారు. నాటకాల వాళ్ళు కారు, మ్యూజియంలో వేషం కట్టి జీతం తీసుకునేవాళ్ళూ కారు. ఒకాయన 1940ల నాటి తీరులో మందపాటి ఉన్ని సూటు, నడుము పైకంటా వచ్చే ప్యాంటు, భుజాల మీదుగా పట్టీలు వేసుకుని ఆఫీసుకి వెళ్తాడు. లైబ్రరీలో పనిచేసే ఒకావిడ అయితే 1770ల నాటి గౌనులోనే ఉంటుంది. అదే గౌనుతో బస్సెక్కుతుంది, కూరగాయలు కొంటుంది, లైబ్రరీలో పుస్తకాల పెట్టెలు ఎత్తి అరల్లో సర్దుతుంది. మొదట్లో నేనూ అందరిలాగే వింతగా చూశాను. గౌను కొంచెం వదులు చెయ్యమని నా బల్ల మీద పెట్టాక నా చూపే మారిపోయింది.

ఆ బట్టల అమరిక చెప్పాలి. ఒంటికి తగిలేది లినెన్‌తో కుట్టిన మోకాళ్ళ దాకా వదులు చొక్కా. చెమటంతా అదే పీల్చుకుంటుంది, తరచుగా ఉతికేదీ అదే. దాని మీద స్టేస్ అనే బిగుతు రవిక. అందులో నిలువుగా సన్నటి సందులు కుట్టి, వాటిలో బద్దలు దోపి, వెనక తాడుతో లాగి కడతారు. అప్పట్లో తిమింగలం నోట్లో ఉండే పలకల్ని చీల్చి ఆ బద్దలు చేసేవాళ్ళు, ఇప్పుడు ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి. ఇది ఊపిరాడనివ్వని శిక్ష అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ రోజుల్లో పనివాళ్ళూ ఇదే వేసుకుని ఇల్లూ వాకిలీ చేసుకున్నారు, బజార్లో సరుకులు మోశారు. ఒంటికి తగ్గట్టు కట్టుకుంటే లంగాల బరువు నడుములో కోసుకోకుండా దీని మీద పడుతుంది, వీపుకి ఆసరా ఉంటుంది. లైబ్రరీ ఆవిడ పెట్టె ఎత్తేటప్పుడు నడుము వంచదు, మోకాళ్ళు వంచుతుంది. వీపు నొప్పికి మందులు వాడే నేను ఇది చాలా శ్రద్ధగా గమనించాను.

లంగా ఇంకా బాగుంటుంది. నడుము దగ్గర ముందు ముక్కా వెనక ముక్కా విడివిడిగా ఉంటాయి. వెనక ముక్క బొందులు ముందుకి తెచ్చి కట్టి, ముందు ముక్క బొందులు వెనక్కి తీసుకెళ్ళి కడతారు. లావైనా, చిక్కినా, నెలలు నిండినా అదే లంగా సరిపోతుంది. రెండు పక్కలా కుట్టకుండా వదిలిన సందులోంచి చెయ్యి పెడితే, లోపల నడుముకి విడిగా కట్టుకున్న సంచీ తగులుతుంది. అదే జేబు. ఆవిడ ఫోను, ఇంటి తాళాలు, కళ్ళజోడు, చిన్న డబ్బాలో గుండుసూదులు అన్నీ అందులోనే. సూదులు ఎందుకంటే గౌను ముందు భాగానికి గుండీలు, హుక్కులు ఉండవు. రోజూ పొద్దున్నే సూదులతో గుచ్చుకోవడమే. ఆ పూట కొంచెం ఎక్కువ తిని ఉంటే సూది అర అంగుళం ఇవతల గుచ్చుకుంటుంది.

రవిక కుట్టే మనకి అందరికీ తెలిసిన రహస్యం ఒకటి ఆ గౌనులో కనపడింది. చంక దగ్గర వదులు ఇచ్చామా, చెయ్యి పైకెత్తినప్పుడల్లా రవిక మొత్తం లేచిపోతుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా తీస్తే చెయ్యి ఎంత ఎత్తినా రవిక కదలదు. సరిగ్గా అదే కటింగు! లోపల కుట్లు చూస్తే బారుబారుగా, తొందరగా వేసిన చేతికుట్లు. నాసిరకం పని కాదు అది. అప్పట్లో బట్ట ఖరీదు, కుట్టుకూలి చవక. గౌను విప్పి ఇంకోలా కుట్టించుకోవడానికి వీలుగా పెద్ద టాకాలు వేసి, లోపల ధారాళంగా బట్ట వదిలేవాళ్ళు. లాలాపేటలో మా మాస్టారు న్యూస్‌పేపరు మీద గీయించి కటింగు నేర్పారు. ఈ గౌనుకి కాగితం పనికి రాదు, స్టేస్ వేసుకున్న మనిషినే నిలబెట్టి, ఒంటి మీద బట్ట పరిచి, గుచ్చి, కత్తిరించాలి. రెండు మధ్యాహ్నాలు షాపు కట్టేశాక కూర్చుని చేశాం.

అలా చేస్తుండగా ఆవిడ ఇంకో బట్ట తెచ్చింది. తెల్లటి నేల మీద మెలికలు తిరిగిన తీగ, ఎర్ర పూలు, నీలి ఆకులు. పాత డిజైను చూసి యంత్రం మీద అచ్చు వేసింది. దాంతో నడుము కిందికి వచ్చే చిన్న జాకెట్టు కావాలంది. నాకు ఆ బట్ట చూడగానే మచిలీపట్నం దగ్గర అద్దకాల ఊరు పెడనలో మా మేనత్త ఇంటి దండెం కళ్ళ ముందుకొచ్చింది. "ఇది మా వైపుదండీ" అన్నాను. తనకి ఆ సంగతి ముందే తెలుసు, కోరమండల్ తీరం, అంటే మన తూర్పు తీరం అని చదివిందట. కానీ ఆ తీరంలో పుట్టిన మనిషి తన ఎదురుగా టేపు పట్టుకుని నిలబడి ఉందని మాత్రం తెలియదు.

తర్వాత సెలవు చూసుకుని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్ళాను. 18వ శతాబ్దంలో యూరప్ ఆడవాళ్ళు తొడిగిన గౌన్లు, జాకెట్లు, మన తీరం అద్దకం బట్టలతో కుట్టినవి ఆ మ్యూజియం దాచింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళ గ్లోబ్ అనే ఓడ 1611లో మన రేవులకి వచ్చింది. తెలుగు రేవుల్లో మొదట ఆగింది పెదపల్లి, అంటే ఇప్పటి నిజాంపట్నం, మొన్నమొన్నటిదాకా మా గుంటూరు జిల్లాలోదే. అదే ఏడు మచిలీపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టారు. నూలుబట్ట మీద ఉతికినా వెలవని ఎరుపు, నీలం పూలు ఇంగ్లండులో అంతకు ముందు ఎవరూ ఎరగరు. ఆడవాళ్ళు విరగబడి కొన్నారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ పొట్ట కొట్టినట్టయింది. 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్ళు ఈ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి గౌన్లు చింపారు, సిరా పోశారు, యాసిడ్ కూడా చల్లారు. 1721లో ఏకంగా చట్టమే వచ్చింది. అద్దకం నూలుబట్ట కట్టుకుంటే 5 పౌన్లు జరిమానా. 1774లో సడలించినా అది ఇంగ్లండులో తయారైన బట్టకే.

ఒక బట్ట కోసం నడివీధిలో అవమానపడి కూడా ఆడవాళ్ళు దాన్ని వదల్లేదంటే, పెడన పనివాడి చేతిలో ఏముందో ఆలోచించండి. ఈ కథ నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదే అని ఇప్పటికీ బాధే.

పోయినసారి సెలవుకి గన్నవరంలో దిగి, గుంటూరులో అమ్మని చూసి, పామర్రు మీదుగా పెడన వెళ్ళాను. మేనత్త లేదు గానీ వాళ్ళ వీధిలో అద్దకం ఇంకా ఉంది. పని చేసే ఇంట్లో అడుగుపెట్టగానే గేదెపాలు, కరక్కాయ కలిసిన పులిసిన వాసన. బట్టని ఆ నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. కరక్కాయ రంగుని పట్టుకుంటుంది, పాలలో వెన్న రంగు పక్కకి పాకకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టి నలుపు చేస్తారు. పటిక కలిపిన నీళ్ళతో అచ్చు వేసి, తర్వాత రంగు కాగులో ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు తేలుతుంది. పూర్వం ఆ ఎరుపు చిరువేరు నుంచి వచ్చేది. టేకు అచ్చు బట్ట మీద పెట్టి, అరచేత్తో దాని వీపు మీద ఒక్క దెబ్బ. అచ్చు ఎత్తి పక్కన పెడితే తీగ ఎక్కడ అతికిందో కనిపించదు. అక్కడి బాబాయి అలా గజాల కొద్దీ వేస్తూనే నాతో మాట్లాడాడు.

"దుప్పట్లకా అమ్మా, చున్నీలకా?"

"జాకెట్టుకి బాబాయ్. ఇంగ్లండులో ఒకావిడ రోజూ వేసుకుంటుంది."

"రోజూనా?" అని చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "అయితే సన్న బట్ట వద్దులే, కొంచెం గట్టి బట్ట తీసుకో. రోజూ వేసుకునేదానికి అచ్చు చిన్నది పెడతాను."

నా కట్టు సంగతికి వస్తాను. లైబ్రరీ ఆవిడ జాకెట్టు కుట్టి ఇచ్చాక నాకూ మనసు నిలవలేదు. చీర కట్టుకుని పనికి పోవచ్చా అని ఎప్పటినుంచో ఉంది. మామూలు కట్టు కుదరదు, కుచ్చిళ్ళు పెడల్ మీద పడి పాదం కింద ఇరుక్కుంటాయి. పొలాల్లో, మిరపకాయల కళ్ళాల్లో ముసలమ్మలు గోచీ పోసి కట్టుకునేవాళ్ళు కదా, అది గుర్తొచ్చింది. అమ్మకి వీడియో కాల్ చేసి అడిగితే, "లండన్ వెళ్ళినదానివి, ఇప్పుడు మా నాయనమ్మ కట్టు ఎందుకే నీకు?" అంది. అయినా మర్నాడు పక్కింటి మామ్మని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. మామ్మ మా అమ్మనే నిలబెట్టి, నైటీ మీదే పెద్ద చీర చుట్టి, నడుము దగ్గర ముడి వేసి, కుచ్చిళ్ళు తీసి, వాటి అంచు కాళ్ళ మధ్యగా వెనక్కి లాగి దోపి చూపించింది. "ముడి గట్టిగా పడితే పరిగెత్తినా ఊడదు. ఆ పిన్నీసులన్నీ తీసి పారెయ్" అంది నాతో. అమ్మ ఫోను ముందే గదిలో అటూ ఇటూ నాలుగు అడుగులు వేసి, గొంతుక్కూర్చుని లేచి, "అబ్బ, హాయిగా ఉందే!" అంది.

ఆరు గజాల చీర దీనికి చాలదు. మంగళగిరి నేత బట్ట తానులోంచి కావలసినంత కోయించుకుని తెచ్చుకున్నాను. ముందు ముడి వేసుకునే రవిక నేనే కుట్టుకున్నాను, పాత ముడి రవికల్లాగే, చేతులు మాత్రం మోచేతి దాకా. చలికి లోపల ఉన్ని లెగ్గింగు, పైన స్వెట్టరు. గోచీలో బట్ట పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి జీన్స్ కంటే వెచ్చగానే ఉంది. అంచు చీలమండ పైకి ఉంటుంది, వానలో తడవదు. మా షాపు ఓనరు మొదటిరోజు మిషను బెల్టులో ఎక్కడైనా చిక్కుకుంటుందేమోనని పక్కనే నిలబడి చూసింది. రెండు కాళ్ళూ దేనికది విడిగా ఆడుతున్నాయి, పైట నడుముకి చుట్టి దోపాను. "బాగుంది, కట్టుకో" అని వెళ్ళిపోయింది.

గొడవంతా మనవాళ్ళతోనే వచ్చింది. లీడ్స్‌లో ఉగాదికి ఇదే కట్టుతో వెళ్తే ఒకావిడ, "ఏంటి వదినా, స్కిట్ ఏమన్నా ఉందా?" అంది. తను కంచిపట్టు కట్టుకుంది, చాలా బాగుంది. కానీ ఆ చీర ఏడాదికి రెండు పూటలు బయటికొస్తుంది. మగవాళ్ళు పంచె కడితే భోజనాలవగానే విప్పేసి ప్యాంటులోకి మారిపోతున్నారు. విజయవాడలోనూ అంతే, గుంటూరులోనూ అంతే, పెళ్ళి మండపం దాటి పంచె బయటికి రావడం లేదు. నాకు నిజంగా దిగులు వేసేది ఇక్కడే. పండక్కి మాత్రమే కట్టే బట్ట, కట్టుకునేవాళ్ళ ఒంటికి అలవాటు తప్పిపోతుంది. ముడి ఎక్కడ పడాలో వేళ్ళు మర్చిపోతాయి. అప్పుడు వెల్‌క్రో పంచె కావాలి, కుట్టేసిన రెడీమేడ్ చీర కావాలి. పెడన బాబాయి దుప్పట్లూ చున్నీలే వెయ్యాలి. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగి 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానం చేసింది. అప్పుడు ఖద్దరు తొడిగిన మనవాళ్ళు పండక్కని తొడగలేదు. పొలానికీ, బడికీ, కచేరీకీ అదే బట్ట. మా తాత చివరిదాకా దాన్నే ఉతికించుకుని కట్టుకున్నాడు.

ఆ మాటే ఉగాది నాడు ఆ వదినకి చెప్పాను. నెమ్మదిగా విని, "మరి ముడి ఎలా వేస్తారో నాకూ చూపించు, మా అమ్మాయి మెటర్నిటీ తర్వాత జీన్స్ పట్టడం లేదంటోంది" అంది. ఆ బొందుల లంగా సంగతి కూడా చెప్పాను. వచ్చే ఆదివారం తల్లీకూతుళ్ళు ఇద్దరూ మా ఇంటికి వస్తున్నారు, కొలతలు తీసుకోవాలి.

లైబ్రరీ ఆవిడకి ఇప్పుడు పూర్తి గౌనుకి బట్ట కావాలట, నీలి తీగ వేసింది. బాబాయికి ఫోను చేశాను. ముసురు రోజుల్లో బట్ట ఆరదు, కాలవ నీళ్ళూ బురదగా ఉంటాయి, దీపావళి వెళ్ళాక మొదలుపెడతానన్నాడు. సంక్రాంతికి తెలిసినవాళ్ళెవరో ఒకరు వస్తారు, వాళ్ళ సూట్‌కేసులో పంపమని అమ్మకి చెప్పాను. లైబ్రరీ ఆవిడ సరేనంది, అప్పటిదాకా పాత జాకెట్టు మోచేతి దగ్గర అరిగిన చోట మాటు వేసి పెట్టమని ఇచ్చి వెళ్ళింది.