పల్లీల్లో రాయి: నా అనుభవం

కిందటి వేసవిలో మా పల్లీపట్టీ కొరికిన ఒక చిన్నపాపకు పన్ను విరిగింది. వాళ్ల నాన్న ఆ రాయిని కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పల్లీగింజంత ఎర్రటి గులకరాయి. ఆయన ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హైదరాబాద్ కాటేదాన్‌లో మాది చిన్న యూనిట్. రోజుకు నాలుగు క్వింటాళ్ల గింజలు వేయిస్తాం. సరుకు ఎక్కువగా వనపర్తి, గద్వాల వైపు ఇసుక కలిసిన ఎర్రటి చల్క నేలల నుంచి వస్తుంది. వేరుశనగ పూత నేలపైనే పూస్తుంది కానీ, పూత నుంచి సాగే ఊడ మట్టిలోకి దిగి కాయ అక్కడే ఊరుతుంది. పీకినప్పుడు మట్టిబెడ్డలు, గులకరాళ్లు దానితోపాటే పైకి వస్తాయి. కాయ ఒలిచే యంత్రంలో గింజ దిగే కన్నంలోంచే అంత పరిమాణమున్న రాయి కూడా దిగుతుంది. ఎర్ర పొట్టు గింజల మధ్య ఎర్ర రాయిని ఆరుగురు ఆడవాళ్లు పొద్దంతా ఏరినా, సాయంత్రానికి కళ్లు అలసిపోతాయి. తప్పు వాళ్లది కాదు.

బియ్యం గాలించినట్టు నీళ్లలో గాలించవచ్చు కదా అని చాలామంది సలహా ఇచ్చారు. తడిసిన పల్లీకి పొట్టు ఊడుతుంది, బూజు పడుతుంది. ఆ బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు. రాయి కంటే అదే నాకు ఎక్కువ భయం.

యంత్రం కోసం రాణిగంజ్‌లో, బాలానగర్‌లో నెల రోజులు తిరిగాను. రాళ్లు తీసే యంత్రాన్ని డీస్టోనర్ అంటారు. వాలుగా ఉన్న జల్లెడ పలక వేగంగా అదురుతూ ఉంటుంది, కింది నుంచి ఫ్యాన్ గాలి కొడుతుంది. తేలికైన గింజ ఆ గాలి మీద తేలుతూ వాలు వెంట కిందికి జారుతుంది. బరువైన రాయి పలకకు ఆని ఉంటుంది కాబట్టి అదురుకు మెట్టు మెట్టుగా పైకి ఎక్కి వేరే దారిలో పడుతుంది. చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. 2020లో మొదలైన కేంద్ర సూక్ష్మ ఆహార శుద్ధి పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా అప్పుడు రాయితీ ఉండేది. దానికి కాగితాలు పెట్టి, బ్యాంకు రుణంతో యంత్రం తెచ్చాం.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. దుకాణంలో కందులతో నడిపి చూపించారు, బాగా నడిచింది. మా పల్లీలు పోస్తే రాళ్ల దారిలో గింజలు కుప్పగా పడ్డాయి. గాలి పెంచితే చిన్న రాళ్లు గింజలతో కలిసి కిందికి వచ్చాయి. మెకానిక్ రెండుసార్లు వచ్చి బెల్టు మార్చి వెళ్లాడు. పది రోజులు మళ్లీ చేత్తోనే ఏరాం.

మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దమ్మ ఒక మధ్యాహ్నం పలక పక్కన నిలబడి చాలాసేపు చూసింది. "ఇది చేటలో నేమినట్టే కదమ్మా. పెద్ద గింజ, నలక గింజ కలిపి పోస్తే నేమడం ఎవరి వల్ల అవుతుంది? ముందు జల్లెడ పట్టించండి" అంది. నేమడమంటే చేటను ఆడిస్తూ గింజలూ రాళ్లూ వేరుచేయడం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చిన్న రాయి, పెద్ద గింజ దాదాపు ఒకే బరువు తూగుతాయి. పరిమాణం ఒకటైతేనే బరువు తేడా యంత్రానికి తెలుస్తుంది. రెండు సైజుల కన్నాలున్న జల్లెడ ముందు బిగించి, పెద్దవీ చిన్నవీ వేరుగా పోయడం మొదలుపెట్టాం. పలక వాలు తగ్గించి, గాలి కొద్దికొద్దిగా సరిచేసింది కూడా ఆమే. వాలు ఎక్కువైతే రాయి జారుతుంది, తక్కువైతే గింజ పైకి పోతుంది.

బెడ్డలు మాత్రం ఇంకా మొండికేస్తాయి. రాయికంటే తేలికైన మట్టిగడ్డ ఒక్కోసారి గింజ దారే పడుతుంది. అందుకే చివర ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏరుతున్నారు. మిగతా నలుగురు ప్యాకింగ్‌కు మారారు, ఎవరినీ తీసేయలేదు.

ఇప్పుడు బస్తా బస్తాకూ వచ్చిన రాళ్లను తూచి పుస్తకంలో రాస్తున్నాం. బేగంబజార్‌లో సరుకు తీసుకునేటప్పుడు ఆ పుస్తకం వెంట పట్టుకెళ్తున్నాను. పోయిన నెల ఒక వ్యాపారి లెక్క చూసి, ఆ బరువుకు డబ్బు తగ్గించి ఇచ్చాడు.